అయిదు ఊళ్ళూ ఒక్క రోజులోనా? లిగూరియా తీరం మీద మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన మెయిళ్ళలో చాలా భాగం ఇటలీలోని లిగూరియా తీరం గురించే. ఇన్‌స్టాగ్రామ్ మహిమ కావచ్చు. ఫ్రాన్స్ సరిహద్దు నుంచి టస్కనీ దాకా వెనక కొండలు, ముందు సముద్రం, ఆ రెండింటి మధ్య ఇరుక్కుని ఉండే సన్నటి ప్రాంతం ఇది. రాజధాని జెనోవా. ఎక్కువమంది అడిగే చింక్వె తెర్రె అంటే ఇదే తీరంలో, టస్కనీ వైపు, పక్కపక్కనే ఉన్న అయిదు చిన్న ఊళ్ళు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబులిస్తున్నాను.

ప్రశ్న: రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ టికెట్లు బుక్ అయిపోయాయి. ఫ్లోరెన్స్ నుంచి ఒక్క రోజులో చింక్వె తెర్రె అయిదు ఊళ్ళూ చూసి వచ్చేయొచ్చా?

వచ్చేయొచ్చు. చూసినట్టవుతుందా అంటే, కాదనే చెప్తాను. ఫ్లోరెన్స్ నుంచి ఆ ఊళ్ళ పక్కనే ఉన్న లా స్పెజియాకి రైల్లో రెండు, రెండున్నర గంటలు, తిరిగి రావడానికి మళ్ళీ అంతే, అంటే సగం రోజు అక్కడే ఖర్చయిపోయింది. మిగిలిన టైమ్‌లో మొంతెరోస్సో, వెర్నాత్సా, కోర్నీలియా, మనరోలా, రియోమజ్జోరె అని అయిదు చోట్లా దిగి, ప్లాట్‌ఫామ్ మీద జనంలో తోసుకుంటూ బయటికొచ్చి, ఒక ఫోటో తీసుకుని మళ్ళీ రైలెక్కడానికే సరిపోతుంది. ఊరికీ ఊరికీ మధ్య ప్రయాణం కొద్ది నిమిషాలే, అదీ చాలావరకు సొరంగాల్లోనే కాబట్టి రైల్లోంచి సముద్రం చూద్దామనే ఆశ కూడా పెట్టుకోకండి.

ఒక్క రోజే ఉంటే రెండు ఊళ్ళు పెట్టుకోండి. నా ఓటు వెర్నాత్సాకి, మనరోలాకి. వెర్నాత్సాలో చిన్న రేవు, దాని ఒడ్డునే చర్చి, పైన పాత బురుజు, అన్నీ అడుగుల దూరంలోనే ఉంటాయి. మనరోలాలో మీరు ఫోటోల్లో చూసే ఆ దృశ్యం ఊళ్ళోంచి కనపడదు, సముద్రం పక్కగా ఎదురు కొండ మీదికి కొంచెం నడిచి వెనక్కి తిరిగి చూడాలి. మూడోది కూడా చూడాలనిపిస్తే అప్పుడు చూద్దురుగాని.

కుదిరితే వెనిస్‌లో ఒక రాత్రి తగ్గించి లెవాంతోలోనో లా స్పెజియాలోనో రెండు రాత్రులు ఉండండి. చింక్వె తెర్రెకి చెరో పక్కన ఉన్న ఈ రెండు ఊళ్ళ మధ్యే చింక్వె తెర్రె ఎక్స్‌ప్రెస్ అనే లోకల్ రైలు తిరుగుతుంది, దానికి రోజంతా ఎన్నిసార్లయినా ఎక్కి దిగే కార్డు దొరుకుతుంది. మామూలు కాగితం టికెట్ కొంటే మాత్రం రైలెక్కే ముందు స్టేషన్లో మెషీన్లో పెట్టి తేదీ ముద్ర వేయించుకోవాలి, లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా కట్టాలి. పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం ఆరు దాటాక ఆ ఊళ్ళు వేరేలా ఉంటాయి, పగటిపూట వచ్చిన గ్రూపులన్నీ వెళ్ళిపోయి అక్కడివాళ్ళు గుమ్మాల్లో కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. రాత్రి ఉండమని నేను గొడవ పెట్టేది అందుకే.

కారు అద్దెకి తీసుకుందామా అని కూడా ఇద్దరు ముగ్గురు అడిగారు. వద్దు. ఊళ్ళలోకి కార్లు రానివ్వరు, పైన పార్కింగ్ తక్కువ, రేటు ఎక్కువ. ఇటలీలో చాలా పాత ఊళ్ళ నడిబొడ్డున బయటి వాహనాలకు నిషేధం ఉంటుంది, కెమెరా ఫోటో తీసేస్తుంది, మీరు ఇల్లు చేరిన కొన్ని నెలలకి చలాన్ వస్తుంది.

ప్రశ్న: ఫోటోల్లో చూస్తే రంగురంగుల ఇళ్ళు, సముద్రం, అంతే కదా. దీనికి యునెస్కో గుర్తింపు ఎందుకు?

మంచి ప్రశ్న, ఎందుకంటే యునెస్కో 1997లో గుర్తించింది ఇళ్ళ రంగుల్ని చూసి కాదు. ఆ ఊళ్ళ వెనక కొండని చూడండి. కింది నుంచి పై దాకా మెట్లు మెట్లుగా చిన్న చిన్న మళ్ళు, ఒక్కో మడికి అడ్డంగా రాతి గోడ. సిమెంటు లేదు, సున్నం లేదు, రాయి మీద రాయి పేర్చారంతే. దాదాపు వెయ్యేళ్ళుగా, తరం వెంట తరం, కొండని తొలిచి రాయి తీసి, మట్టి మోసుకొచ్చి నింపి, ద్రాక్ష వేసుకున్నారు. అంటే మనం ప్రకృతి అందం అనుకుంటున్న దానిలో సగం మనుషుల చాకిరీ. పోర్తోవెనెరె ఊరు, దాని ఎదురుగా ఉన్న పల్మారియా, తీనో, తినెత్తో దీవులు కూడా అదే గుర్తింపులో ఉన్నాయి. చింక్వె తెర్రె నేషనల్ పార్క్ 1999లో వచ్చింది. ఇలా మట్టి, సిమెంటు లేకుండా రాయి పేర్చే విద్యకు విడిగా 2018లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ గుర్తింపు దక్కింది, ఇటలీతో పాటు ఇంకొన్ని యూరప్ దేశాలకు కలిపి.

సిమెంటు ఎందుకు పెట్టలేదంటే, అప్పట్లో లేదని కాదు, పెట్టకూడదు. వాన నీరు రాళ్ళ సందుల్లోంచి మెల్లగా బయటికి జారిపోవాలి. సందులు మూసేస్తే గోడ వెనక నీరు చేరి, మట్టి ఉబ్బి, ఒకరోజు గోడ మొత్తం ముందుకు పడిపోతుంది. అందుకే ప్రతి వానాకాలం తర్వాతా ఎవరో ఒకరు జారిన రాళ్ళు ఏరి మళ్ళీ పేర్చాలి. గొడవంతా ఇక్కడే. ఆ పని చేసేవాళ్ళు తగ్గిపోయారు. 20వ శతాబ్దంలో జనం లా స్పెజియా నౌకా కర్మాగారాల్లో పనికి, తర్వాత టూరిజంలోకి వెళ్ళిపోయారు, మళ్ళు చాలావరకు పొదలు పట్టిపోయాయి. 2011 అక్టోబర్ 25న కొన్ని గంటల్లో కుండపోతగా వాన పడి వెర్నాత్సా, మొంతెరోస్సో వీధులు బురదతో, రాళ్ళతో నిండిపోయాయి, ప్రాణాలు కూడా పోయాయి. వెర్నాత్సా ప్రధాన వీధిలో బురద మొదటి అంతస్తు దాకా వచ్చింది. ఆ వానకి ఏ గోడలైనా నిలబడేవా అంటే చెప్పడం కష్టం, కానీ వదిలేసిన మళ్ళే కొండచరియలుగా ఎక్కువ జారాయని తర్వాత పరిశీలించినవాళ్ళు తేల్చారు.

ఇప్పటికీ సాగు చేసేవాళ్ళు ఉన్నారు. ద్రాక్ష కోతల కాలంలో, సెప్టెంబర్లో వెళ్తే, కొండ మీద ఒంటి పట్టా మీద పాకుతూ వెళ్ళే చిన్న బండి కనిపిస్తుంది, బుట్టలు దాని మీదే దించుతారు. షక్కెత్రా అని తియ్యటి వైన్ ఇక్కడి ప్రత్యేకత. కోసిన ద్రాక్షని నీడలో వారాల తరబడి ఆరబెట్టి, వడలిపోయాక పిండుతారు కాబట్టి వచ్చేది కొంచెమే, ధర మాత్రం గట్టిగానే ఉంటుంది.

ఇళ్ళ రంగుల సంగతికొస్తే, వేటకెళ్ళిన జాలరి దూరం నుంచే తన ఇల్లు గుర్తు పట్టడానికని గైడ్లు చెప్తారు. వినడానికి బాగుంటుంది. నాకైతే ఇదే తీరంలో జెనోవా వైపున్న కమోలీ ఊళ్ళో గోడల మీది కిటికీలు ఇంకా సరదాగా అనిపిస్తాయి, కొన్ని నిజం కిటికీలు, కొన్ని ఉత్త పెయింటు. తలుపు రెక్కలు, రాతి అంచులు, వాటి నీడతో సహా బొమ్మ గీసేస్తారు. కింద నిలబడి ఏది ఏదో పట్టుకోవడం పిల్లలకి మంచి ఆట.

ప్రశ్న: అమ్మానాన్నలకి అరవై దాటాయి, అమ్మకి మోకాళ్ళ నొప్పి. అక్కడ అన్నీ మెట్లే అంటున్నారు, తీసుకెళ్ళొచ్చా?

తీసుకెళ్ళండి, కానీ ఊరు చూసి ఎంచుకోండి. మొంతెరోస్సో అయితే చదునుగా ఉంటుంది, ఇసుక బీచ్ ఉంది, స్టేషన్ దిగగానే సముద్రం. కోర్నీలియా వద్దు, అది కొండ కొమ్మున ఉంది, స్టేషన్ నుంచి పైకి 380 దాకా మెట్లు. చిన్న బస్సు ఉంది గానీ దాన్ని నమ్ముకుని రోజు ప్లాన్ చేయకండి. రియోమజ్జోరె, మనరోలా వీధులు కూడా ఏటవాలే.

పెద్దవాళ్ళకి అన్నిటికంటే మంచిది పడవ. వసంతం నుంచి అక్టోబర్ దాకా, సముద్రం శాంతంగా ఉన్నంతవరకు నడుస్తుంది, కోర్నీలియాకి తప్ప మిగతా నాలుగు ఊళ్ళకీ పోర్తోవెనెరెకీ వెళ్తుంది. కొండని మొత్తంగా చూడాలంటే నీళ్ళ మీంచే చూడాలి. అలలు ఎక్కువుంటే ఆపేస్తారు, ఆ రోజు పొద్దున రేవులోనే కనుక్కోండి. ఎక్కేటప్పుడు సన్నటి పలక మీంచి నడవాలి, పడవవాళ్ళు చెయ్యి పట్టుకుని ఎక్కిస్తారు.

నడవాలని ఉంటే రియోమజ్జోరె, మనరోలా మధ్య సముద్రం పక్కనే వీయా దెల్లామోరె అనే బాట ఉంది, ఒక కిలోమీటరు కూడా ఉండదు, కష్టం లేదు. 2012లో రాళ్ళు విరిగిపడి పర్యాటకులు గాయపడ్డాక మూసేసి పన్నెండేళ్ళకి, 2024లో మళ్ళీ తెరిచారు. దీనికి వేరే టికెట్, టైమ్ స్లాట్ ముందే తీసుకోవాలి. మొంతెరోస్సో నుంచి వెర్నాత్సా బాట మాత్రం మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి కానే కాదు, దూరం మూడున్నర కిలోమీటర్లే అయినా ఎక్కుడు దిగుడు మెట్లతో రెండు గంటలు పట్టేస్తుంది. ఆ బాటల్లో చెప్పులేసుకుని నడిస్తే జరిమానా కూడా ఉంది, నవ్వులాట కాదు, జారి పడ్డవాళ్ళని దింపలేక విసిగిపోయి పెట్టిన రూల్ అది. ఏ బాట తెరిచి ఉందో, ఏది మూశారో పార్క్ సైట్లో ఆ రోజే చూసుకోండి, వానలకి తరచూ మారుతుంటాయి.

చాలామందికి తెలియనిది ఒకటి చెప్తాను. లెవాంతో నుంచి బొనస్సోలా మీదుగా ఫ్రమూరా దాకా పాత రైలు సొరంగాల్లోంచి నడిచే, సైకిల్ తొక్కే దారి ఉంది. పూర్తిగా చదును. సొరంగం చల్లగా, బయటికి రాగానే సముద్రం, మళ్ళీ సొరంగం. ఇలాంటిదే పడమటి వైపు సాన్‌రెమో మీదుగా 24 కిలోమీటర్లు ఉంది. సైకిళ్ళు అద్దెకిస్తారు.

ప్రశ్న: మేం పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా తినం. సముద్రం ఒడ్డున ఏం తిని బతకాలి?

ఇటలీలో శాకాహారులు హాయిగా తినగలిగే చోట్లలో లిగూరియా ఒకటి. ఒడ్డున చేపలున్నా, ఇక్కడి ఇంటి వంట ఆకుకూరలు, పప్పులు, ఆలివ్ నూనె చుట్టూ తిరుగుతుంది. ముందుగా ఫరినాతా. శనగపిండి, నీళ్ళు, ఉప్పు, ఆలివ్ నూనె, అంతే, పెద్ద రాగి పళ్ళెంలో పోసి కట్టెల పొయ్యిలో పెడతారు, పైన కరకరలాడుతూ లోపల మెత్తగా వస్తుంది. వేడిగా, మిరియాల పొడి చల్లుకుని తినాలి. చల్లారాక కొన్నారంటే డబ్బు దండగ. పనీస్సా అని శనగపిండి ముక్కలు నూనెలో వేయించి ఇస్తారు, అదీ బాగుంటుంది.

తర్వాత ఫొకాచ్చా రొట్టె. పొద్దున్నే బేకరీ ముందు క్యూ కనిపిస్తే అది దీనికే, జెనోవా వాళ్ళు దాన్ని కాపుచీనోలో ముంచుకుని తింటారు, ముందు వింతగా అనిపించినా ఆ ఉప్పదనం కాఫీకి బాగానే కుదురుతుంది. రెక్కో ఊళ్ళో చేసే ఫొకాచ్చా వేరు, కాగితంలా పల్చటి రెండు పొరల మధ్య మెత్తటి చీజ్ పెట్టి కాలుస్తారు.

పెస్తో సంగతి కాస్త జాగ్రత్తగా వినండి. తులసి జాతికే చెందిన బాసిల్ ఆకు, వెల్లుల్లి, పైన్ గింజలు, ఆలివ్ నూనె, ఉప్పు, రెండు రకాల చీజ్ కలిపి రోట్లో నూరతారు. అందులో వేసే పార్మెజాన్ చీజ్‌ కోసం పాలు విరగ్గొట్టేది దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్‌తో. చాలామంది శాకాహారులు ఇది తెలియక తినేస్తారు, తెలిసీ పట్టించుకోనివాళ్ళూ ఉన్నారు, అది మీ ఇష్టం. పట్టింపు ఉంటే చీజ్ లేకుండా అడగండి. బాటిళ్ళలో దొరికే పెస్తో కాకుండా అక్కడే త్రోఫియె పాస్తాలో, బంగాళదుంప, బీన్స్‌తో కలిపి ఇచ్చేది తినండి. జెనోవా పడమటి శివారు ప్రాలో పెరిగే లేత ఆకు బాసిల్ దీనికి పేరు మోసింది.

గుడ్డు తినరు కాబట్టి పాన్సోతి, రవియోలి లాంటి తాజా పాస్తాల ముందు ఆగి అడగండి, పిండిలో గుడ్డు ఉండొచ్చు. ఎండు పాస్తాలో సాధారణంగా ఉండదు. ఈస్టర్ పై అని అమ్మే తోర్తా పస్కువలీనాలో గుడ్లు ఖాయం. "సెన్‌త్సా కార్నె, సెన్‌త్సా పేషె, సెన్‌త్సా ఉవోవా" అంటే మాంసం, చేప, గుడ్డు లేకుండా అని. చేప సంగతి విడిగా ఎందుకు చెప్పాలంటే, మొంతెరోస్సో చేపల్లో పేరున్నవి చిన్న ఆంకోవీలు, మాంసం లేదని చెప్పి అవి వేసేసేవాళ్ళున్నారు. బిల్లులో కోపెర్తో అని కనిపిస్తే మోసం కాదు, టేబుల్ దగ్గర కూర్చున్నందుకు మనిషికింత అని వేస్తారు.

ప్రశ్న: జెనోవా మురికిగా ఉంటుంది, దొంగలుంటారు, రైలు మారడానికి తప్ప దిగొద్దని మా స్నేహితులు అన్నారు. నిజమేనా?

మీ స్నేహితులు స్టేషన్ బయటికొచ్చి వెనక్కి వెళ్ళినట్టున్నారు. రేవు పక్క సందులు ఇరుకే, చీకటే, రాత్రిపూట కొన్ని వీధుల్లో ఒంటరిగా తిరగొద్దని నేనూ చెప్తాను. జేబు జాగ్రత్త అనేది ఇటలీలో ఏ పెద్ద ఊరికైనా వర్తిస్తుంది. అంతమాత్రాన జెనోవా వదిలేస్తే లిగూరియా సగం వదిలేసినట్టే.

ఒకప్పుడు వెనిస్‌తో సమానంగా సముద్రాన్ని ఏలిన స్వతంత్ర రాజ్యం ఇది. రాజు లేడు కాబట్టి రాజభవనమూ లేదు, మరి పరదేశపు రాజులూ రాయబారులూ వస్తే ఎక్కడ దించాలి? 1576లో అక్కడి సెనేట్ ధనవంతుల ఇళ్ళ జాబితా తయారు చేసింది, వచ్చిన అతిథి హోదాని బట్టి ఆ జాబితాలోని ఇంటివాళ్ళు ఆతిథ్యం ఇవ్వాల్సిందే. ఆ జాబితాల్నే రోల్లి అంటారు. ఆ పలాత్సోలని, అంటే ఆ భవనాల్ని, యునెస్కో 2006లో గుర్తించింది. వీయా గరిబాల్దీ వీధిలో పలాత్సో రోస్సో, పలాత్సో బియాంకో, పలాత్సో తుర్సి వరసగా ఉన్నాయి, టికెట్ కొని లోపలికి వెళ్ళొచ్చు. తుర్సిలో వయోలిన్ విద్వాంసుడు పగనీనీ వాయించిన వయోలిన్ ఉంది, 1743లో గ్వర్నేరి అనే వయోలిన్ల తయారీదారు చేసింది, జెనోవాలో పుట్టిన ఆ మహానుభావుడు దాన్ని తన ఊరికే రాసిచ్చి పోయాడు.

సాన్ లొరెన్జో కేథడ్రల్‌లో 1941 ఫిబ్రవరిలో బ్రిటిష్ యుద్ధనౌకలు పేల్చిన ఫిరంగి గుండు పైకప్పులోంచి దూసుకొచ్చి పేలకుండా ఉండిపోయింది, దాన్ని లోపలే చూడటానికి పెట్టారు. పాత రేవు దగ్గర 1992లో తెరిచిన అక్వేరియం పిల్లలున్నవాళ్ళకి, 1543 నాటి 77 మీటర్ల లాంతెర్నా లైట్‌హౌస్ ఓపికున్నవాళ్ళకి.

స్తల్యేనో శ్మశానం మాత్రం వదలొద్దు. శ్మశానానికి టూరా అని ముఖం చిట్లించకండి. 1851లో తెరిచారు, లోపలంతా పాలరాతి శిల్పాలు, గొప్ప గొప్ప కుటుంబాలవి. వాళ్ళ మధ్య కతెరీనా కంపొదోనికో అనే ఆవిడ నిలబడి ఉంటుంది, జాతరల్లో హేజెల్‌నట్ దండలు, రొట్టెలు అమ్ముకుని బతికిన మనిషి. పైసా పైసా కూడబెట్టి, ఊళ్ళో పేరున్న శిల్పితో తన బొమ్మ తనే చెక్కించుకుంది, తాను బతికుండగానే, 1881లో. చేతిలో ఆ దండలు, రొట్టెలు అలాగే ఉంటాయి, శాలువా అంచు లేసు కూడా రాతిలో లెక్కపెట్టొచ్చు. డబ్బున్న దొరల విగ్రహాలన్నీ మరిచిపోయాను గానీ ఈవిడని మరవలేదు.

ప్రశ్న: మధ్యధరాలో తిమింగలాలు చూడొచ్చంటున్నారు, నమ్మొచ్చా? ఈతకి బాగుంటుందా?

నమ్మొచ్చు. లిగూరియా సముద్రం ఒడ్డుకి దగ్గర్లోనే బాగా లోతుగా ఉంటుంది, అడుగు నీరు పైకి వచ్చి చిన్న రొయ్యల్లాంటి జీవులు పెరుగుతాయి, వాటి కోసం వేసవిలో ఫిన్ తిమింగలాలు వస్తాయి. ఫ్రాన్స్, మొనాకో, ఇటలీ 1999లో ఒప్పందం చేసుకుని 87,000 చదరపు కిలోమీటర్లకి పైగా సముద్రాన్ని పెలాగోస్ అభయారణ్యంగా ప్రకటించాయి. జెనోవా నుంచీ, పడమటి రేవుల నుంచీ పడవలు వెళ్తాయి, డాల్ఫిన్లు తరచూ, తిమింగలం అదృష్టాన్ని బట్టి.

ఈతకి నీళ్ళు బాగుంటాయి, ఒడ్డు చాలా చోట్ల గులకరాళ్ళు, రబ్బరు చెప్పులు తీసుకెళ్ళండి. ఇసుక కావాలంటే అలాస్సియో వైపు వెళ్ళండి. గొడుగు, కుర్చీ అద్దెకిచ్చే ప్రైవేటు బీచ్‌లే ఎక్కువ, ఉచితంగా కూర్చునే చోటు అదే ఒడ్డున ఓ మూలన ఉంటుంది, వెతుక్కోవాలి.

డైవింగ్ వచ్చినవాళ్ళు సాన్ ఫ్రుత్తువోజో వెళ్ళాలి. రోడ్డు లేదు, పడవ ఎక్కాలి లేదా కొండ దాటి నడవాలి. ఒడ్డున మఠం, ఆ బేలో 17 మీటర్ల లోతున చేతులు పైకెత్తిన క్రీస్తు కంచు విగ్రహం, 1954లో దించారు.

ప్రశ్న: ఏ నెలలో వెళ్ళాలి? పోర్తోఫీనో వెళ్ళకపోతే నష్టమా?

మే, జూన్ మొదటి సగం, సెప్టెంబర్. ఆగస్టు 15 చుట్టుపక్కల వద్దు, దేశం మొత్తం సెలవు పెట్టి బీచ్‌కే వస్తుంది. అక్టోబర్ చివర, నవంబర్ వానలు గట్టివి, రెడ్ అలర్ట్ ఇస్తే బాటలు మూసేస్తారు, అప్పుడు మొండికేసి నడవకండి. ఫిబ్రవరిలో సాన్‌రెమో పాటల పోటీ వారం ఆ ఊళ్ళో రూమ్ దొరకదు. మే రెండో ఆదివారం కమోలీలో నాలుగు మీటర్ల వెడల్పు పెనంలో చేపలు వేయించి పంచుతారు, మా శాకాహారి పాఠకులు దూరం నుంచి పెనం చూడొచ్చు.

పోర్తోఫీనో చిన్న రేవు, పెద్ద నౌకలు, పెద్ద బిల్లులు. సాంతా మార్గెరీతా నుంచి సముద్రం పక్కన అయిదు కిలోమీటర్లు నడిచి వెళ్ళండి, ఆ దారే అసలు సంగతి. రేవు దగ్గర ఫోటోల కోసం దారికడ్డంగా ఆగిపోయేవాళ్ళతో విసిగి, 2023లో కొన్ని చోట్ల నిలబడకూడదని రూల్ పెట్టారు, జరిమానా 275 యూరోల దాకా. బోర్డు చూసుకుని ఆగండి. ఆ డబ్బుతో ఫ్రాన్స్ సరిహద్దు పక్కన వెంతిమిలియా దగ్గర హాన్‌బరీ తోటకి వెళ్ళి రావచ్చు, షాంఘై వ్యాపారంలో సంపాదించిన ఇంగ్లీషు వర్తకుడు 1867లో మొదలుపెట్టిన తోట, ఇప్పుడు జెనోవా విశ్వవిద్యాలయం చూసుకుంటోంది. ప్రపంచం నలుమూలల మొక్కలతో కొండ మీంచి సముద్రం దాకా దిగుతూ పోతుంది, మధ్యలో రోమన్ల నాటి రోడ్డు అడ్డం వస్తుంది. దిగడం తేలిక, తిరిగి గేటు దాకా అంతా ఎక్కాలి, కాబట్టి నీళ్ళ సీసా పెట్టుకుని పొద్దున్నే వెళ్ళండి.